పందెపు పంచాంగ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సూత్రం లేనిదే భాష్యం పుట్టదు గనుక, భాష్యం రాయాలన్న కోరిక ముందుగా కలిగినవారు సూత్రాన్ని తామే కల్పించుకుని, ఆ తరువాత దానికి బద్ధులై నడుచుకోవడం ఈ వ్యాఖ్యలో అవలంబించిన పద్ధతి. గౌతమి ఎడమ గట్టున ఉన్న కపిలేశ్వరపురం హరికథ పాఠశాలకు పేరుపడిన ఊరు. ఒక్క పద్యాన్ని పట్టుకుని పూటంతా నడిపించడం, మధ్యలో పిట్టకథ ఎత్తుకుని మళ్లీ అసలు కథలోకి దిగడం అక్కడ విద్యగా నేర్పుతారు. అందుచేత ఒక్క వాక్యానికి ఇంత వ్యాఖ్య ఎందుకని ఆ ఊరివారు అడగరు. ఇతరులు అడిగితే వారికి ఆ పాఠశాల దారి చూపితే చాలు.

ప్రస్తుత విషయం పందేల ఋతుపట్టిక. ఋతుపట్టిక అంటే ఒక ఏడాదిలో ఒక క్రీడకు చెందిన పోటీలు ఏ తేదీలలో, ఏ ఊళ్లలో, ఏ వరుసలో జరగాలో నిర్ణయించే జాబితా. అమెరికాలో స్టాక్ కార్ల పందేలకు ఇది పెద్ద శాస్త్రం, గోదావరి డెల్టాలో ఎడ్ల పరుగు పందేలకు ఇది పెద్దల నోటిలెక్క. ఆ శాస్త్రానికీ ఈ నోటిలెక్కకూ ఒకే సూత్రం సరిపోతుందని చూపడం, సరిపోని చోట కారణం చెప్పడం ఈ వ్యాఖ్యకు ప్రయోజనం.

మూలం

పంటకు వెనుక, పెళ్లికి ముందు, పరీక్షకు దూరంగా, పండుగకు దగ్గరగా పందెం.

ప్రతిపదార్థం

పంటకు = సార్వా వరికి, అనగా తొలకరి తరువాత కాలువ నీటితో నాటి కార్తీక మార్గశిరాలలో కోసే పంటకు; వెనుక = కోత, కుప్ప, నూర్పు ముగిసి ధాన్యం గడప దాటిన పిమ్మట; పెళ్లికి = మాఘమాసంతో మొదలయ్యే ముహూర్తాలకు; ముందు = షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు ఇంకా ఖాళీగా ఉన్న కాలంలో; పరీక్షకు = పదో తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలకు; దూరంగా = లౌడు స్పీకరు మోత చదివే పిల్లల చెవికి సోకనంత ఎడంగా; పండుగకు = సంక్రాంతికి; దగ్గరగా = ఆనుకుని, కాని దాని మీద ఎక్కి కూర్చోకుండా; పందెం = గెలుపోటములకు పగ్గాలు బిగించి చేసే పరుగు; (జరుగును) = అని అధ్యాహారం, అనగా వాక్యంలో లేని పదాన్ని అర్థం కోసం బయటినుంచి తెచ్చుకోవడం.

వ్యాకరణ విశేషం

సూత్రంలోని మొదటి నాలుగు నామాలకూ షష్ఠీ విభక్తి ప్రత్యయమైన "కు" చేరింది. అయిదో నామమైన "పందెం" ఒక్కటే ప్రథమలో ఉంది. అనగా వాక్యంలో కర్త పందెమే అయినా, దాని ముందున్న నాలుగు మాటలలో ఏదీ దాని మాట వినేది కాదు. నాలుగింటి మాటా అదే వినాలి. ఋతుపట్టిక వేసేవారు మొట్టమొదట గ్రహించవలసిన మర్మం ఇదే.

ఇక క్రియ విషయం. సూత్రకారుడు క్రియను కావాలనే విడిచిపెట్టాడని భాష్యకారుల అభిప్రాయం. ఆశావాదులు అక్కడ "జరుగును" అని పూరిస్తారు. నిర్వాహకులు "జరుగవలెను" అంటారు. అనుభవజ్ఞులు "జరిగినచో" అని మాత్రమే పూరించి ఊరుకుంటారు. మూడో పాఠానికి ఉదాహరణలు తెలుగువారికి దగ్గరలోనే దొరుకుతాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. 2024 ఫిబ్రవరి 10కి పట్టికలో వేసుకున్న రెండో పోటీ ఆ జనవరిలోనే రద్దయింది. చెన్నై వీధుల్లో 2023 డిసెంబరు 9, 10 తేదీలకు నిర్ణయించిన కార్ల పందెం మిచాంగ్ తుఫాను వల్ల ఆగిపోయి, 2024 ఆగస్టు నెలాఖరుకు గాని జరగలేదు. జరిగిన తొలినాడు కూడా వాన వచ్చి పలకరించి వెళ్లింది. ఆ తుఫాను తీరం దాటినది బాపట్ల దగ్గర. చెన్నైలో పందెం ఆపడానికి తుఫాను చెన్నైలోనే దిగనక్కర్లేదన్నది దీనివల్ల సిద్ధించే న్యాయం.

"పంటకు వెనుక" అన్న పదానికి వ్యాఖ్య

డెల్టాలో కాలాన్ని విభజించేది నీరు. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో ముగిసిన కాటన్ ఆనకట్ట నాటినుంచీ ఇక్కడి నెలలకు చైత్ర వైశాఖాలతో పాటు మరో రెండు పేర్లు కూడా ఉన్నాయి: కాలువలు వదిలిన కాలం, కాలువలు కట్టేసిన కాలం. సార్వాకు నీరు జూన్ ప్రాంతంలో వస్తుంది. కోతలు నవంబరు, డిసెంబరులలో పడతాయి. ఆ వెంటనే దాళ్వా, అనగా రెండో వరి, నాట్లకు దిగుతుంది. అది ఏప్రిల్‌లో కోతకు రాగా కాలువలు కట్టేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను భయం ఉంటాయి. 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు 6 నాటి తుఫానునూ మరచిన ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు గనుక, ఆ ఆరు నెలల్లో పందెపు తేదీ వేయడానికి ఏ కమిటీకీ చెయ్యి రాదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పరుగు పందేనికి ఆరిన నేల కావాలి. పడవ పందేనికి నిండిన కాలువ కావాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా, సంక్రాంతి నాటికి సార్వా కోసేసి ఉంటుంది, దాళ్వాకు వదిలిన నీటితో కాలువ నిండుగా ఉంటుంది, దమ్ము చేయని మెరకలూ లంకల ఇసుక నేలలూ ఆరి ఉంటాయి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురంలో సర్ ఆర్థర్ కాటన్ పేరిట కాలువలో పడవల పోటీలు పెట్టగలిగారంటే కారణం ఇదే. అదే పోటీని కాలువలు కట్టేసిన మే నెలలో పెట్టి ఉంటే పడవలను మోసుకుంటూ పరుగెత్తవలసి వచ్చేది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "పంటుకు వెనుక" అని ఉన్నదని ఊహించుకోవచ్చు. పంటు అంటే గోదావరి రేవుల్లో మనుషులనూ బండ్లనూ దాటించే వెడల్పాటి నావ. కపిలేశ్వరపురానికి దిగువనున్న కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరానికి దాటేవారికి ఇది నిత్యపరిచితం. ఈ పాఠం ప్రకారం ఆవలి ఒడ్డు జనాన్ని ఎక్కించుకుని పంటు ఇవతలికి చేరిన తరువాతే పందెం మొదలు కావాలని అర్థం. లేఖకుడి ప్రమాదమే అయినా, పందెం పుట్టేది ఎడ్ల వల్ల కాదు, చూడవచ్చిన జనం వల్ల అన్న సత్యం ఇందులో ఉన్నందున ఈ పాఠాన్ని కొట్టివేయకుండా అంచున ఉంచడం జరిగింది.

శంక: 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించారు కదా, పంటే లేని ఏడు పంటకు వెనుక అన్న కాలం ఎక్కడ ఉంటుంది? ఏడాది పొడవునా పందేలు పెట్టుకోవచ్చా?

సమాధానం: పెట్టుకోరాదు. "వెనుక" అన్న పదానికి తరువాత అన్నది ఒక అర్థం, అండగా అన్నది మరొక అర్థం. పంట వెనుక ఉంటేనే ఎడ్ల జత మేత తింటుంది, బహుమతికి చందా పుడుతుంది. తీరిక ఒక్కటే పందేనికి చాలదు, కొట్లో ధాన్యం ఉన్న తీరిక కావాలి.

"పెళ్లికి ముందు" అన్న పదానికి వ్యాఖ్య

చాంద్రమానంలో మకర సంక్రమణం ఏ నెలలో పడుతుందో ఆ నెలకే పుష్యమని పేరు. పుష్యం శూన్యమాసం, అనగా ముహూర్తాలు లేని నెల. అందుచేత సంక్రాంతి నాడు పెళ్లి అడ్డు రావడమనేది ఖగోళం రీత్యానే అసంభవం. మాఘం రాగానే పరిస్థితి మారిపోతుంది. షామియానా వాడికీ, వంటవాడికీ, మైకువాడికీ ఒకే రోజున నాలుగు ఊళ్ల నుంచి బయానాలు వస్తాయి. పందెపు కమిటీ అధ్యక్షుడే పెళ్లికూతురి మేనమామ అయిన పక్షంలో పట్టిక మొత్తం తలకిందులవుతుంది.

అమెరికా పాఠంలో పెళ్లి అన్న చోట ఫుట్‌బాల్ అని చదువుకోవాలి. అక్కడి స్టాక్ కార్ల పందేలను నడిపే నాస్కార్ అనే సంస్థ తన ఋతువును ఫిబ్రవరిలో డేటోనా పందెంతో ప్రారంభిస్తుంది. ఇటీవలి ఏళ్లలో ఫుట్‌బాల్ తుది పోటీ ముగిసిన మరుసటి ఆదివారమే దీనికి స్థిరపడింది. పండుగ విషయంలోనూ పోలిక ఉంది. శివరాత్రి ఏటా తేదీ మార్చుకున్నట్టే ఈస్టర్ కూడా చంద్రుణ్ణి అనుసరించి మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య తిరుగుతుంది. నాస్కార్ పట్టిక ఆ ఆదివారాన్ని చాలాకాలం ఖాళీగా వదిలేస్తూ వచ్చింది. సూర్యుడితో నడిచే తేదీనీ చంద్రుడితో నడిచే తేదీనీ ఒకే కాడికి కట్టడమే రెండు చోట్లా పంచాంగకర్తకు తలనొప్పి.

"పరీక్షకు దూరంగా" అన్న పదం స్పష్టం. మార్చిలో అధిక భాగాన్నీ, ఏప్రిల్ మొదటి రోజులనూ ఇది మింగేస్తుంది. మిగిలిన ఏప్రిల్, మే సాయంత్రాలను ఐపీఎల్ మింగేస్తుంది. ఉగాది ఈ రెంటి మధ్యనే పడుతున్నందున ఎంత ముచ్చటైన పండుగైనా పందేనికి పనికిరాదు.

"పండుగకు దగ్గరగా" అన్న పదానికి వ్యాఖ్య

సూత్రకారుడు "పండుగ నాడు" అనకుండా "పండుగకు దగ్గరగా" అనడంలో ఔచిత్యం ఉంది. సంక్రాంతి మూడు రోజులలో కనుమ పశువుల పండుగ. ఆనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడ మీద కాడి వేయకుండా వదిలేయడం సంప్రదాయం. ఎద్దు పండుగ నాడు ఎద్దునే పరుగెత్తించడం, పుట్టినరోజు పిల్లవాణ్ణి బడికి పంపడం వంటిది. పైగా కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఇంకా పైగా ఆనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద చేలకూ కాలువలకూ అడ్డంపడి వస్తుంటే కోనసీమ చూపంతా అటే ఉంటుంది. కనుక కనుమను విడిచి ముక్కనుమను పట్టుకోవడం శాస్త్రసమ్మతం.

శంక: కాకి కదలని నాడు జగ్గన్నతోటకు అంత జనం ఎలా కదిలారు?

సమాధానం: సామెత కాకిని గురించి చెప్పింది, కోనసీమవారిని గురించి చెప్పలేదు.

పండుగ దినానికి కట్టని పందేనికి వారం విషయంలో ఆదివారమే గ్రాహ్యం. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాల మొక్కు ఉన్నవారు ఏడు వారాల పాటు ఆ దారినే పోతారు గనుక, శనివారం పందెం పెట్టినవారికి జనమూ దక్కదు, రోడ్డూ దక్కదు.

"పందెం" అన్న పదానికి వ్యాఖ్య

సూత్రంలో బరువంతా ఈ పదం మీదనే ఉంది. స్టాక్ కారు అన్న మాటలో స్టాక్ అంటే కొట్లో అమ్మకానికి ఉంచిన సరుకు. కనుక కొట్లో కొన్నది కొన్నట్టుగానే, మార్పు చేయకుండా పందేనికి దింపిన కారు స్టాక్ కారు. ఇదే విభాగాన్ని గుంటూరు, ప్రకాశం వైపు ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలలో చక్కటి తెలుగులో "సేద్యపు విభాగం" అంటారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి చేసే విభాగాలు వేరు; జూనియర్, సీనియర్ విభాగాలు వేరు; నిన్నటిదాకా నాగలి లాగి నేడు బండ లాగే జతలకు ఉద్దేశించిన సేద్యపు విభాగం వేరు. అనగా స్టాక్ కారుకు సరైన తెలుగు సేద్యపు కారు.

నాస్కార్ తొలి సంపూర్ణ స్టాక్ పందెం 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగింది. మొదట గీత దాటిన గ్లెన్ డనవే కారును విప్పి చూడగా, వెనుక స్ప్రింగులను దొంగసారా మోయడానికి అనువుగా మార్చినట్టు తేలింది. అతణ్ణి తప్పించి జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. న్యాయంగా చూస్తే ఆ పందెంలో నిజమైన సేద్యపు కారు డనవేదే. దాని సేద్యం చట్టవిరుద్ధం కావడం వేరే సంగతి.

పిట్టకథ: హెరాల్డ్ బ్రేసింగ్టన్ అనే ఆయన సౌత్ కరొలైనాలోని డార్లింగ్టన్‌లో వేరుశనగ, పత్తి పండే పొలంలో పందెపు బాట కట్టబోగా, భూమి అమ్మిన ఆసామి అంచునున్న తన చేపల చెరువును కదపరాదని షరతు పెట్టాడు. చెరువును తప్పించడానికి బాటను ఒక వైపు నొక్కవలసి వచ్చి, అది కోడిగుడ్డు ఆకారంలో తేలింది; 1950 సెప్టెంబరు 4న, అక్కడి కార్మికుల సెలవు దినాన, దాని మీద 500 మైళ్ల పందెం నడిచింది. ఆ పందేన్ని తరువాతి కాలంలో ఆ సెలవు నుంచి విడదీసి పదేళ్లకు పైగా వేరే తేదీలకు తిప్పి, చివరకు 2015లో మళ్లీ అక్కడికే తెచ్చి కట్టేశారు. చెరువుకు బాట తలవంచింది. సెలవుకు పట్టిక తలవంచింది. వరి చేలు చేపల చెరువులైపోతున్న డెల్టావారికి ఈ కథలో నీతి విడిగా చెప్పనక్కర్లేదు.

అధికాధిక దోష విచారం

పందేలు ఎన్ని ఉండాలన్నది తరువాతి ప్రశ్న. 1964లో నాస్కార్ ఒక్క ఏడాదిలో 62 పందేలు నడిపింది. 1971 నాటికి 48 ఉండగా, 1972లో వాటిని 31కి తగ్గించింది. 2001 నుంచి 36 దగ్గర నిలబడింది. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా వారం వారం సాగే ఈ వరుస మళ్లీ ఫుట్‌బాల్ కాలంలోకి చొరబడుతున్నందున "పెళ్లికి ముందు" అన్న నియమానికి భంగం కలుగుతోంది. వాన దోషం కూడా ఉంది; గుండ్రటి బాటల మీద నున్నటి టైర్లతో నడిచే ఆ కార్లు తడిలో పరుగెత్తలేవు. 2012లో డేటోనా పందెం వాన వల్ల చరిత్రలో తొలిసారి సోమవారానికి వాయిదా పడింది. ఆ రాత్రి బాట ఆరబెట్టే జెట్ ఇంజను బండిని ఒక కారు ఢీకొనగా, ఇంధనం ఒలికి మంట లేచి, ఆరబెట్టే యంత్రాన్నే ఆర్పవలసి వచ్చింది. కళ్లంలో ధాన్యం ఆరబోసి మబ్బు వంక చూసే రైతుకు ఈ సంఘటన వింతగా తోచదు.

చట్ట విచారం

సూత్రంలో పైకి కనిపించని అయిదో నియమం "చట్టానికి లోబడి" అన్నది. సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టుతో పాటు ఎడ్ల బండి పందేలనూ నిషేధించింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చుకున్న చట్టసవరణలను సమర్థించింది. కనుక ఏ పట్టికకైనా మొదటి గడి తేదీది కాదు, అనుమతిది. అందులోనూ ములుగర్ర ముందు ఇంటి దగ్గర వదిలిరావాలన్నది ఎద్దు తరఫున చేర్చవలసిన వార్తికం.

ఆదర్శ పట్టిక

పై నియమాలన్నిటినీ అన్వయించి కొట్టివేతలు కొట్టివేయగా మిగిలేవి నాలుగు దినాలు. మొదటిది ముక్కనుమ: గౌతమి ఒడ్డున మెరక మీద ప్రారంభ పందెం. రెండోది రథసప్తమి: సూర్యుడి రథం మలుపు తిరిగే రోజు, అంతర్వేది నరసింహస్వామి రథం భీష్మ ఏకాదశికి గాని కదలదు గనుక నాలుగు రోజుల వ్యవధి చిక్కుతుంది, ముహూర్తం అడ్డు వచ్చిన ఏడు ఎడ్లు కూడా పెళ్లికే వెళ్లాలి. మూడోది మహాశివరాత్రి వెళ్లిన తొలి ఆదివారం: కోటిపల్లి తీర్థం నుంచి జనం ఇళ్లకు చేరి కాళ్లు కడుక్కున్న తరువాత. అక్కడినుంచి పరీక్షలు, దాళ్వా కోతలు, వడగాడ్పులు, రోహిణి కార్తె వరుసగా అడ్డుపడతాయి. నాలుగోదీ చివరిదీ ఏరువాక పున్నమి, అనగా జ్యేష్ఠ పౌర్ణమి: తెల్లవారుజామున పరుగు, సూర్యుడు పైకి రాకముందే ఆ జతతోనే తొలి చాలు.

పన్నెండేళ్లకొకసారి, బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరాలు వస్తాయి. 2015లో అవి జూలైలో జరిగాయి. తిరిగి రాబోయేది 2027. ఆ ఏడు చివరి పందేన్ని గోదావరికి వదిలేయడం మర్యాద.

శంక: అమెరికావారికి 36 ఉండగా డెల్టాకు నాలుగేనా?

సమాధానం: ఈ శంకకు సమాధానమే గ్రంథసారం. ఎద్దు నాగలి కింద ఉన్న కాలంలో పందేనికి పట్టిక అక్కర్లేదు. పని ఆగిన రోజే పందెపు రోజు, పని మొదలైన రోజే పందేనికి హద్దు. ట్రాక్టరు వచ్చి దమ్ము తానే చేయడం మొదలుపెట్టాక, పందేనికే పెంచి పందేనికే మేపే జతలు మిగిలాయి. వాటికి ఏడాదంతా సెలవే గనుక ఏ రోజైనా ఒకటే. అమెరికాలోనూ ఇంతే: నేటి స్టాక్ కారు కొట్లో దొరికేది కాదు, పందెం కోసమే గొట్టాలు అతికి చేసిన చట్రం మీద కొట్లోని కారు ముఖం తొడుక్కున్నది. సేద్యం పోయిన ఎద్దుకూ, సరుకు కాని కారుకూ కాలం తనంతట తాను హద్దు గీయదు. అప్పుడే కమిటీ కూర్చోవలసి వస్తుంది, కాగితం మీద గళ్లు గీయవలసి వస్తుంది, 62 పెట్టి 31కి తగ్గించి మళ్లీ 36 చేయవలసి వస్తుంది.

తాత్పర్యం

పంట ఇల్లు చేరాక, ముహూర్తాలు మొదలు కాకముందే, పిల్లల చదువుకు చెరుపు లేకుండా, పండుగను ఆనుకుని పందెం పెట్టుకోవాలని భావం. పందేనికి రోజులు వెదకడం కాక, ఇతరుల రోజులు వారికి ఇచ్చివేయగా మిగిలిన వాటితో తృప్తిపడడమే పంచాంగకర్త నేర్పు అని ధ్వని. సూత్రంలో విడిచిన క్రియను ఎవరు ఎలా పూరించుకున్నా, ఏరువాక నాడు బహుమతి అందుకున్న జత నాగలి కిందికి మెడ వంచినప్పుడు "దున్నును" అని పూరించడమే సర్వోత్తమం. ఆ మాట చేరిన నాడు వాక్యం ముగుస్తుంది, ఋతువూ ముగుస్తుంది.